ఇద్దరి ఊపిరి కలిశాకే పోటీ: సుమో గురించి ఒక ప్రసంగం

(ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో జరిగిన ప్రసంగానికి రాత రూపం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేసి, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా అండీ? ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. సుమో అనగానే మీ కళ్ళ ముందు ఏం మెదులుతుంది? చెప్పండి, పర్వాలేదు. అవును, అదే. బాగా లావుగా ఉన్న ఇద్దరు మనుషులు గోచీలు పెట్టుకుని ఒకర్నొకరు తోసుకోవడం. టీవీలో ఛానెల్ మారుస్తూ పది సెకన్లు చూసి ఉంటాం. నేనూ అంతే చూశాను. తర్వాత ఉద్యోగం మీద టోక్యోలో కొన్నేళ్ళు ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా కూర్చుని చూశాను. ఆ రోజు నుంచి నాకు సుమో అంటే ప్రాణం. ఎందుకో మీకు చెప్పాలనే ఇవాళ వచ్చాను.

మనకు కుస్తీ కొత్త కాదు కదా. భీముడూ జరాసంధుడూ కలబడిన కథ విని పెరిగాం. కోడి రామమూర్తి నాయుడి గారి పేరు విజయనగరం వైపు ఇప్పటికీ తలుచుకుంటారు. గోదా అంటే తెలుసు, వస్తాదు అంటే తెలుసు. గోదా మట్టిలో పసుపూ నూనే మజ్జిగా కలిపి మెత్తగా చేస్తారు, ఆ మట్టిని కళ్ళకద్దుకునే లోపలికి దిగుతారు. ఇది తెలిసినవాళ్ళకు సుమో బరి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు.

ఆ బరిని దోహ్యో అంటారు. ఎత్తుగా కట్టిన మట్టి దిమ్మె అది. బంకమట్టి పోసి, దిమ్మిసలతో కొట్టి కొట్టి గట్టిపరుస్తారు. దాని మీద 4.55 మీటర్ల వలయం, అంటే అటూ ఇటూగా పదిహేను అడుగులు. వలయం చుట్టూ వరిగడ్డి మూటలు, సగం మట్టిలోకి పాతి ఉంటాయి. మొత్తం 20. అందులో నాలుగు దిక్కులా నాలుగు మూటల్ని ఒక్క మూట మందం వెనక్కి జరిపి పెడతారు. ఎందుకంటారు? పూర్వం ఆరుబయట పోటీలు జరిగేటప్పుడు వాన పడితే నీళ్ళు బయటికి పోవడానికి. ఇప్పుడు పోటీలు హాల్లో జరుగుతాయి, వాన పడే మాటే లేదు. అయినా ఆ నాలుగు ఖాళీలూ అలాగే ఉంచారు. ఎదుటివాడు తోసుకొస్తుంటే వెనక్కి వెనక్కి వెళ్తున్నవాడి మడమ సరిగ్గా ఆ ఖాళీలో పడిందనుకోండి, ఆ కాస్త జాగా వాడి పరువు కాపాడుతుంది. ఎప్పుడో నీళ్ళ కోసం వదిలిన సందు, ఇవాళ మనిషిని నిలబెడుతోంది.

పోటీలకు ముందురోజు ఆ దిమ్మె నడిమధ్యలో చిన్న గుంట తీసి ఉప్పు, కడిగిన బియ్యం, ఎండు చెస్ట్‌నట్ కాయలు, సముద్రపు నాచు, ఎండబెట్టిన స్క్విడ్, కయా అనే చెట్టు గింజలు వేసి పూడుస్తారు. మనం శంకుస్థాపనలో నవధాన్యాలు వేస్తాం చూడండి, అలాగ. తర్వాత పదిహేను రోజులూ మల్లులు ఆ మట్టి మీదే కలబడతారు. పైన, జపాన్ వాళ్ళ షింతో మతం గుడి కప్పు లాంటి కప్పు ఒకటి తీగలతో వేలాడుతుంటుంది. పూర్వం నాలుగు స్తంభాల మీద నిలబడేది, చూసేవాళ్ళకు అడ్డమని 1952లో స్తంభాలు తీసేశారు. వాటికి గుర్తుగా నాలుగు మూలలా నాలుగు రంగుల కుచ్చులు వేలాడదీశారు. ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు, నలుపు.

ఇది ఎప్పటి ఆట అంటే, 712లో రాసిన జపాన్ పురాణ గ్రంథంలోనే ఇద్దరు దేవుళ్ళు నేల కోసం కలబడిన కథ ఉంది. రాజాస్థానంలో ఆడారు. తర్వాత ఎదో యుగంలో, అంటే టోక్యోను ఎదో అని పిలిచిన రోజుల్లో, గుళ్ళకు చందాలు పోగుచెయ్యడానికి ఊళ్ళలో ఆడారు. ఇప్పుడు మనం చూసే సుమో తీరు చాలావరకు ఆ ఎదో యుగం నాటిదే. 1958 నుంచి ఏడాదికి ఆరు పోటీలు, ఒక్కోటి పదిహేను రోజులు. జనవరి, మే, సెప్టెంబరు టోక్యోలో. మార్చి ఒసాకాలో, జూలై నగోయాలో, నవంబరు ఫుకువోకాలో. టోక్యోలో ర్యోగోకు అనే పేట ఉంది, అక్కడ కొకుగికాన్ అనే పెద్ద హాలు. నేను చూసింది అక్కడే.

నియమాలు రెండే రెండు ముక్కలు. అరికాళ్ళు తప్ప ఒంట్లో ఏ భాగమైనా ముందుగా నేలకు తగిలినవాడు ఓడిపోయినట్టు. వలయం బయట ముందుగా తాకినవాడు ఓడిపోయినట్టు. అంతే. జుట్టు లాగకూడదు, పిడికిలితో గుద్దకూడదు, గొంతు నొక్కకూడదు, కళ్ళలో పొడవకూడదు. అరచేత్తో కొట్టొచ్చు. గెలిచే పట్లకు 82 పేర్లున్నాయి. బరువును బట్టి విభాగాలు లేవు. వంద కిలోలవాడికి రెండు వందల కిలోలవాడు ఎదురుపడొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. దయచేసి కాస్త శ్రద్ధగా వినండి.

కబడ్డీ మొదలవ్వాలంటే ఏం కావాలి? ఈల కావాలి. బాక్సింగుకు గంట కావాలి. పరుగు పందెంలో తుపాకీ పేలుస్తారు. సుమోలో ఏం ఉంది? ఏమీ లేదు. ఈల లేదు, గంట లేదు. ఎవరూ “మొదలుపెట్టండి” అనరు. గ్యోజి అనే నిర్ణేత ఉంటాడు, చేతిలో విసనకర్ర పట్టుకుని. టైమ్ అయిందని చెప్తాడు, చేతులు నేలకు ఆనించమంటాడు. కానీ ఏ క్షణాన లేవాలన్నది ఆయన చేతిలో లేదు. ఆ ఇద్దరూ ఎదురెదురుగా గీతల దగ్గర వంగి, రెండు చేతులూ నేలకు తాకించి, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ, ఇద్దరి ఊపిరీ ఒకటైన క్షణాన ఇద్దరూ ఒక్కసారి లేవాలి. ఒకడు ముందు లేచాడా, మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదటి నుంచి.

ఆలోచించండి. ఇంకో రెండు సెకన్లలో నన్ను ఎత్తి కింద పడేయాలనుకుంటున్న మనిషితో నేను ముందు ఒక ఒప్పందానికి రావాలి. నోటితో కాదు, ఊపిరితో. శత్రువుతో ఒప్పందం కుదిరితే తప్ప యుద్ధం మొదలుకాదు! ఈ ఒక్క విషయం అర్థమయ్యాక నాకు సుమో అంతా వేరుగా కనిపించింది.

టీవీలో చూసి విసుగొచ్చేది కూడా ఇక్కడే కదా. వస్తారు, కాళ్ళు ఎత్తి నేలను తొక్కుతారు, ఉప్పు చల్లుతారు, వంగుతారు, లేస్తారు, మళ్ళీ వెళ్ళి ఉప్పు చల్లుతారు. ఏంటీ కాలయాపన అనిపిస్తుంది. పై తరగతి మల్లులకు దీనికి నాలుగు నిమిషాలు ఇస్తారు. పూర్వం గడువే ఉండేది కాదు, 1928లో రేడియోలో ప్రసారం మొదలయ్యాక గడువు పెట్టారు. ఆ నాలుగు నిమిషాల్లో వాళ్ళు చేస్తున్నది ఆ ఊపిరి కలపడమే. మొదటిసారి వంగినప్పుడు మామూలుగా చూసుకుంటారు. రెండోసారి కళ్ళు కదలవు. మూడోసారికి మెడ కింద చర్మం ఎర్రబడుతుంది. చివరి పిడికెడు ఉప్పు చల్లేసరికి హాలంతా కేకలు. నేను ఆ నాలుగు నిమిషాల కోసమే వెళ్ళేవాణ్ణి అంటే నమ్మండి.

ఉప్పు ఎందుకు అని అడగొద్దు, మీకు తెలుసు. పిల్లలకు దిష్టి తీసేది దేనితో? వాళ్ళకూ ఉప్పు అంటే శుద్ధి. రోజుకు 45 కిలోల ఉప్పు చల్లుతారు. కాళ్ళతో తొక్కడం నేలలో ఉన్న దుష్టశక్తుల్ని తరమడానికి. నోరు పుక్కిలించడానికి గరిటెతో నీళ్ళు అందిస్తారు, దాన్ని బలం నీరు అంటారు. ఆ నీళ్ళు అంతకుముందు కుస్తీలో అదే వైపు నుంచి గెలిచినవాడే అందించాలి. ఓడినవాడు అందించకూడదు. గెలుపు చేతి నుంచి చేతికి పోవాలన్నమాట.

నేను వెళ్ళిన రోజు సంగతి చెప్తాను. పొద్దున ఎనిమిదిన్నర దాటింది. పదకొండు వేల మంది పట్టే హాల్లో వంద మంది కూడా లేరు. కింది తరగతి కుర్రాళ్ళ పోటీలు అవి. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు. వాళ్ళకు ఉప్పు కూడా ఇవ్వరు, ఉప్పు చల్లే హక్కు పైకి ఎదిగితేనే వస్తుంది. పట్టు గోచీ కాదు, నల్లటి నూలు గుడ్డ. ఇద్దరు కుర్రాళ్ళు లేచారు. తలలు తగిలాయి. పైన రెండో అంతస్తులో కూర్చున్న నాకు ఆ చప్పుడు వినిపించింది, గుడి మెట్ల మీద కొబ్బరికాయ కొట్టినట్టు. ఐదు సెకన్లు. ఒకడు బయటపడ్డాడు. భుజమంతా మట్టి. లేచి, మళ్ళీ దిమ్మె ఎక్కి, తన చోట నిలబడి, గెలిచినవాడికి తలవంచి నమస్కరించి దిగిపోయాడు. చప్పట్లు కొట్టడానికి జనమే లేరు. అయినా ఆ నమస్కారంలో ఏ లోటూ లేదు. గెలిచిన కుర్రాడి మొహంలో నవ్వు లేదు. నవ్వకూడదు. ఎదురుగా ఓడినవాడు నిలబడి ఉన్నాడు మరి.

గెలిచాక ఎగరడం, పిడికిలి ఊపడం అక్కడ తప్పు. అసాషోర్యూ అని మంగోలియా నుంచి వచ్చిన మహా మల్లుడు ఉండేవాడు, అత్యున్నత స్థాయి వాడు. 2009 సెప్టెంబరులో టైటిల్ గెలిచి చేతులు పైకెత్తాడు. మన దగ్గరైతే మనమూ ఎగిరి గంతేస్తాం. అక్కడ పెద్దలు మందలించారు.

ఆ కుర్రాళ్ళ బతుకు సంగతి కూడా చెప్పాలి. మల్లులందరూ హెయా అనే శిక్షణాలయాలకు చెందినవాళ్ళే, చిన్నవాళ్ళు అక్కడే ఉంటారు. మన గురుకులం అనుకోండి. చీకటితో లేవాలి, ఊడవాలి, పరగడుపునే సాధన. పొద్దెక్కేదాకా కాళ్ళు ఎత్తి తొక్కడం, కొయ్య స్తంభాన్ని అరచేతులతో కొట్టడం, కాళ్ళు రెండూ బార్లా చాపి ఛాతీ నేలకు ఆనించడం. ఆ ఒళ్ళు చూసి వాళ్ళు వంగలేరనుకుంటాం, ఎంత పొరపాటో! పదకొండు గంటల వేళకు చాంకో అనే కూర. పెద్ద కుండలో చేపా కోడీ కూరగాయలూ అన్నీ వేసి ఉడికిస్తారు. పోటీలప్పుడు కోడిమాంసం మంచిదని ఒక నమ్మకం. కోడి రెండు కాళ్ళ మీద నిలబడుతుంది కదా. నాలుగు కాళ్ళ జంతువు అంటే చేతులు నేలకు ఆనినట్టు, అంటే ఓడిపోయినట్టు. వండేది చిన్నవాళ్ళు, ముందు తినేది పెద్దవాళ్ళు. తిన్నాక నిద్ర. ఒళ్ళు అలా వస్తుంది.

మొత్తం సుమారు ఆరు వందల మంది మల్లులుంటే, నెల జీతం వచ్చేది పై రెండు తరగతుల్లో ఉన్న 70 మందికే. మిగతావాళ్ళకు తిండీ నీడా, కొద్దిపాటి భత్యం. ప్రతి పోటీకీ పేర్ల పట్టిక ఒకటి చేత్తో రాస్తారు. పైవాళ్ళ పేర్లు లావు అక్షరాల్లో, కిందికి వచ్చేకొద్దీ సన్నగా. అట్టడుగు తరగతిని వాళ్ళు భూతద్దం అంటారు, అద్దం పెట్టుకుంటే గానీ ఆ పేరు కనపడదు. పై రెండు తరగతుల్లో ఎనిమిది గెలుపులొస్తే పైకి, ఎనిమిది ఓటములొస్తే కిందికి. అన్నిటికన్నా పైన యోకోజునా. ఆ మాటకు అర్థం అడ్డతాడు. నడుముకు తెల్లటి లావు తాడు కడతారు, అలాంటి తాడే వాళ్ళు పవిత్రమైన చెట్లకు చుడతారు. ఓడినా యోకోజునాను కిందికి దించరు. మరి ఆడలేకపోతే? తనే తప్పుకోవాలి.

తెరునోఫుజి కథ వినండి. ఆయనా మంగోలియా మనిషే. 2015లో యోకోజునాకు ఒక్క మెట్టు కిందకు, ఓజెకి స్థాయికి చేరాడు. ఇక మోకాళ్ళు పోయాయి, షుగర్ వచ్చింది. పడుతూ పడుతూ 2019 నాటికి కింది నుంచి రెండో తరగతికి వచ్చేశాడు. ఓజెకి అయినవాడు మళ్ళీ నల్ల గుడ్డ కట్టుకుని, ఉప్పు లేకుండా, పొద్దుటి ఖాళీ హాల్లో కుర్రాళ్ళతో ఆడటం! మానేస్తానని గురువు దగ్గరికి ఎన్నిసార్లో వెళ్ళాడు. గురువు ఒప్పుకోలేదు. 2020 జూలైలో పై తరగతికి తిరిగొచ్చి టైటిల్ కొట్టాడు. 2021లో యోకోజునా అయ్యాడు. రెండు మోకాళ్ళకూ కట్లు కట్టుకునే.

చిన్నవాడి మాట కూడా చెప్పాలి. మైనోఉమి అని ఒకాయన. ఆ రోజుల్లో సుమోలో చేరాలంటే 173 సెంటీమీటర్లు ఉండాల్సిందే, ఈయన కాస్త తక్కువ. ఏం చేశాడో తెలుసా? నడినెత్తిన చర్మం కింద సిలికాన్ పెట్టించుకుని ఆ ఎత్తు చేరాడు. ఆ నొప్పి ఊహించుకోండి. సుమారు వంద కిలోలవాడు, తనకు రెట్టింపు పైన ఉన్న కొనిషికినీ అకెబొనోనూ ఓడించాడు. లేవగానే ఎదుటివాడి మొహం ముందు చప్పట్లు చరిచి, వాడు కళ్ళు మూసి తెరిచేలోగా కింద దూరేవాడు. కొనిషికీ అకెబొనో ఇద్దరూ హవాయి నుంచి వచ్చినవాళ్ళు. అకెబొనో 1993లో యోకోజునా అయ్యాడు, విదేశంలో పుట్టి ఆ స్థాయికి వచ్చిన మొదటివాడు ఆయనే.

ఇలాంటి ఎత్తులు చిన్నవాడు వేస్తే జనం మురిసిపోతారు. యోకోజునా వేస్తే ఒప్పుకోరు. మంగోలియా నుంచి వచ్చిన హకుహో 45 టైటిళ్ళు గెలిచాడు, ఇంకెవరూ ఆ దరిదాపుల్లో లేరు. అంతటివాడినీ, లేచీ లేవగానే చెంప మీద కొడుతున్నాడని, మోచేత్తో గుద్దుతున్నాడని చివరి ఏళ్ళలో విమర్శించారు. గెలిచాడా లేదా అన్నది కాదు వాళ్ళ లెక్క. ఎలా లేచాడు, అది చూస్తారు.

మరి ఎలా లేవాలి? దానికి ఫుతబయామా అని ఒక పేరు చెప్తారు. 1936 నుంచి 1939 దాకా వరసగా 69 కుస్తీలు గెలిచాడు. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. ఆయన ఎన్నడూ “ఆగు, నేను సిద్ధంగా లేను” అనలేదు. ఎదుటివాడు ఎప్పుడు లేస్తే అప్పుడే లేచేవాడు. ఇప్పుడొక మాట చెప్తాను. ఆయనకు చిన్నప్పటి దెబ్బ వల్ల కుడికన్ను దాదాపు కనపడదు. ఆట మానేసేదాకా ఆ విషయం బయటికి రానివ్వలేదు. కన్ను సగం లేని మనిషి, ఎదుటివాడి ఊపిరినే నమ్ముకుని లేచాడు.

1939 జనవరిలో, నాలుగో రోజున, అకినోఉమి అనే కుర్రవాడి చేతిలో ఓడిపోయాడు. హాలంతా గగ్గోలు. ఆయన మాత్రం మామూలుగానే తలవంచి నమస్కరించి దిగిపోయాడు. తర్వాత తనకు గురువులాంటి పెద్దమనిషికి టెలిగ్రామ్ పంపాడు. తాను ఇంకా కొయ్యపుంజును కాలేకపోయానని దాని సారాంశం.

కొయ్యపుంజు ఏమిటంటారా? గోదావరి వైపు వాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? అయితే మీకు ఇట్టే తెలుస్తుంది. పాత చైనా కథ ఇది. ఒక రాజుగారికి పందెం పుంజును తయారుచేసేవాడు ఉన్నాడు. పది రోజులకు రాజుగారు అడిగారు, సిద్ధమా అని. “లేదండీ, ఇంకా పొగరుంది” అన్నాడు. ఇంకో పది రోజులకు అడిగితే, “వేరే పుంజు కూత వింటే ఉలిక్కిపడుతోంది” అన్నాడు. మరో పది రోజులకు, “ఇంకా కోపంగా చూస్తోందండీ” అన్నాడు. నలభై రోజులకు చెప్పాడట, “ఇప్పుడు సిద్ధం. పక్కన ఏ పుంజు కూసినా కదలదు. కొయ్యపుంజులా ఉంది. దాన్ని చూసి మిగతావి వెనక్కి తిరుగుతున్నాయి” అని. మనం పుంజుకు బాదంపప్పులు పెట్టి పౌరుషం పెంచుతాం. ఆ కథలో పౌరుషం తగ్గించడమే శిక్షణ. 69 గెలిచినవాడు, నేను ఇంకా అక్కడికి చేరలేదు అన్నాడు చూడండి, నాకు ఆ 69 కన్నా ఈ మాటే పెద్దగా కనిపిస్తుంది.

ఇంత ప్రేమగా చెప్తున్నాను కాబట్టి, నన్ను బాధపెట్టేవి కూడా చెప్పకపోతే తప్పవుతుంది. 2007లో పదిహేడేళ్ళ శిష్యుడు ఒకడు శిక్షణ పేరుతో కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. గురువు జైలుకు వెళ్ళాడు. 2011లో పోటీలు ముందే మాట్లాడుకుని ఆడుతున్నారని తేలి, మార్చి పోటీ మొత్తం రద్దు చేశారు. ఊపిరి ఒప్పందం అని ఇందాకటి నుంచి చెప్తున్నానే, దానికి ఇంతకు మించిన ద్రోహం లేదు.

ఇంకొకటి. దోహ్యో మీద ఆడవాళ్ళు కాలు పెట్టకూడదు అంటారు. 2018 ఏప్రిల్‌లో మైజురు అనే ఊళ్ళో, ప్రదర్శన పోటీలప్పుడు, దోహ్యో మీద ప్రసంగిస్తున్న మేయరు కుప్పకూలిపోయాడు. చూస్తున్నవాళ్ళలోంచి ఆడవాళ్ళు కొందరు పరుగున ఎక్కి గుండె నొక్కి ప్రాణం నిలబెడుతున్నారు. అప్పుడు మైకులో వినిపించింది: ఆడవాళ్ళు దోహ్యో దిగిపోండి. మేయరు బతికాడు. సుమో సంఘం అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. నియమం మాత్రం మారలేదు. అమ్మా, మీరు తల ఊపుతున్నారు, నాకూ మీ బాధే. వాననీటి సందు అవసరం తీరినా ఉంచుకున్నారు, బాగుంది, అది ఎవరినీ బయటికి నెట్టదు. ఇది నెడుతోంది. ఆడవాళ్ళు ఔత్సాహిక పోటీల్లో సుమో ఆడుతున్నారు, బాగా ఆడుతున్నారు. వృత్తి సుమో దోహ్యో కూడా వాళ్ళకు తెరుచుకోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

టైమ్ అయిపోతోందా? ఐపోయింది, ఒక్క మాట.

ఎవరైనా టోక్యో వెళ్తే, పిల్లల దగ్గరికో పని మీదో, పోటీలున్న నెల అయితే ర్యోగోకు వెళ్ళండి. సాయంత్రం పెద్దవాళ్ళ పోటీలకు కాదు, పొద్దున్నే వెళ్ళండి, ఆ కుర్రాళ్ళను చూడండి. తర్వాత సాయంత్రం ఆరింటి దాకా ఉండండి. అంతా అయ్యి బయటికి వచ్చాక తల ఎత్తి చూడండి. హాలు ముందు 16 మీటర్ల ఎత్తున ఒక మంచె ఉంటుంది. దాని మీద కూర్చుని ఒకాయన డోలు వాయిస్తుంటాడు. వచ్చినందుకు సంతోషం, రేపు కూడా రండి అని ఆ దరువుకు అర్థం. పద్నాలుగు రోజులు అలా వాయిస్తారు. పదిహేనో రోజు సాయంత్రం మాత్రం వాయించరు. రేపు పోటీ లేదు కదా. జనం ఊరికే మంచె వైపు ఒకసారి చూసి స్టేషన్ దారి పడతారు.

అడగాల్సినవి ఉంటే అడగండి.